మిషను పక్కన స్టూలు

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కుట్టుమిషను. దాని వెనకాలే చిలక గొంతు లేచేది. టకటకా పరిగెత్తే మిషను చప్పుడును మించి వినపడాలి గనక చిలక ఎలుగెత్తి చదివేది. "ఒక తొట్టిలో ముప్పావు వంతు నీళ్లున్నాయి. అందులోంచి సగం తోడేశారు" అని అది మొదలుపెడితే పక్కింటివాళ్లు పళ్లు తోముకుంటూనే మనసులో లెక్క కట్టుకునేవారు. ఎదురింటి తాతయ్య అయితే ఏకంగా కిటికీలోంచి జవాబు కేకేసేవాడు. సగం సార్లు తప్పే చెప్పేవాడు, అయినా మానేవాడు కాదు.

చిలకంటే పదేళ్ల పిల్ల. నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి వాళ్ల నాన్న ముద్దుగా పెట్టిన పేరది. దాన్ని బడికి పంపలేదు. వాళ్లమ్మే ఇంట్లో చదువు చెప్పేది. మిషను పక్కన చిన్న స్టూలు వేసుకుని చిలక కూర్చుంటే, తల్లి కాళ్లు తొక్కుతూ, చేతులు గుడ్డ తిప్పుతూ, చెవులు మాత్రం కూతురికి అప్పగించేది. పిల్ల ప్రశ్న చదవాలి, జవాబు చెప్పాలి, ఆ పైన "ఎందుకంటే" అని కారణం కూడా చెప్పాలి. కారణం చెప్పని జవాబును ఆ ఇంట్లో జవాబుగా లెక్కేసేవారు కాదు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ చుట్టుపక్కల బడులన్నిటికీ యూనిఫాంలు కుట్టేది ఆ తల్లే. నీలం గౌన్లు, తెల్ల చొక్కాలు గదిలో కుప్పలుగా ఉండేవి. "అందరి పిల్లల్నీ బడికి సాగనంపేది నువ్వే. నీ పిల్లని మాత్రం కొంగున ముడేసుకున్నావు" అని అత్తగారు వీలు చిక్కినప్పుడల్లా అనేవారు.

అత్తగారంటే ఆషామాషీ మనిషి కాదు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. పరీక్షలొస్తే ఊరి బడులన్నిటికీ ఆవిడే పెద్ద దిక్కు. ఆవిడ హాల్లోకి అడుగుపెడితే పైన ఫ్యాను కూడా భయపడి నెమ్మదిగా తిరిగేదని పాత విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటావిడ ఇంట్లో పరీక్ష మొహం తెలియని పిల్ల పెరుగుతోంది మరి.

కోడలి పట్టుదలకు ఒక కారణం ఉంది. పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ ఆమె కడుపు పండలేదు. ఆ ఏళ్లలో చర్చిలో మోకాళ్లు అరిగేలా ప్రార్థించింది. "ప్రభువా, ఒక్క బిడ్డనివ్వు. నీకు దగ్గరగా పెంచుతాను" అని మాటిచ్చింది. చిలక పుట్టింది. మాట నిలబెట్టుకోవడమంటే పిల్లను ఇంట్లోనే ఉంచుకుని, రోజూ వాక్యం చదివించి, ఆ తరవాతే లెక్కలూ పాఠాలూ చెప్పడమని ఆమె గట్టిగా నమ్మింది. పొద్దున కుటుంబ ప్రార్థన కూడా ఆమెదే. పైకి, పొడుగ్గా, ఒక్కొక్కరి పేరూ చెప్పి మరీ చేసేది. అత్తగారు కళ్లు మూసుకుని కూర్చుని చివర "ఆమేన్" అనేవారు. అంతే, ఆవిడ నోట ఇంకో ముక్క వచ్చేది కాదు.

అయితే ప్రభుత్వం వారిదొక నిబంధన ఉంది. ఇంట్లో చదివే పిల్లలు పదేళ్లు నిండాక దగ్గర్లోని బడికి వెళ్లి అందరితో కలిసి పరీక్ష రాయాలి. గట్టెక్కితే ఇంటి చదువు సాగించుకోవచ్చు. లేదంటే బడిలో చేరాల్సిందే. ఆ పరీక్ష రేపనగా, అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ మిషను గదిలోకి వచ్చారు.

"అమ్మాయ్, ఒక్క గంట దాన్ని నాకు ఒప్పగించు. నా గదిలో కూర్చోబెట్టి ఒక నమూనా పరీక్ష పెడతాను."

"ఎందుకత్తయ్యా, దానికన్నీ వచ్చు కదా" అంది కోడలు, సూదిలో దారం ఎక్కిస్తూ.

"వచ్చని నాకూ తెలుసు. వచ్చింది రాయడం వేరే విద్య."

"పరీక్ష కోసం చదివే చదువు కాదండీ మాది. దేవుడి మీద భారం వేశాం. ఆయనే చూసుకుంటాడు."

"ఆయన చూసుకుంటాడు, సరే. హాల్లో టీచరు కూడా చూస్తుంటుంది."

గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్న డ్రైవరు, అంటే చిలక నాన్న, తల ఎత్తలేదు. ఊరంతా సిటీ బస్సు నడిపే మనిషికి ఇంట్లో మాత్రం అడకత్తెరలో పోకచెక్క బతుకు. తల్లి వైపు మాట్లాడితే పెళ్లాం మిషను గట్టిగా తొక్కుతుంది. పెళ్లాం వైపు మాట్లాడితే తల్లి కళ్లజోడు మీంచి చూస్తుంది. "నాకు టైమవుతోంది" అని లేచి వెళ్లిపోయాడు. అత్తగారు కూడా మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు బడి వరండాలో బెంచీ మీద కూర్చుని కోడలు హాలు కిటికీ వంక చూస్తూ ఉంది. లోపల అందరూ నీలం గౌన్లు, తెల్ల చొక్కాలు. ఏ అంచు తను మడిచిందో, ఏ కాలరు తను తిప్పిందో ఆమెకు ఇక్కణ్నుంచే తెలిసిపోతోంది. ఆ నీలాల మధ్య పసుపుపచ్చ గౌను వేసుకున్న తన కూతురు ఒక్కతే విడిగా కనపడుతోంది. గంట కొట్టారు. కాగితాలు పంచారు. హాలు చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. కోడలు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టబోయింది.

"ప్రశ్న ఒకటి" అని ఒక గొంతు హాలంతా మోగింది. "ఒక రైలు ఊరి నుంచి బయల్దేరి..."

కోడలు కళ్లు తెరిచింది. అది మిషను చప్పుడు మీదుగా ఎదురింటిదాకా వినపడే గొంతు. లోపల కిసకిసా నవ్వులు వినిపించాయి.

"మనసులో చదువుకోవాలి పాపా" అంది టీచరు.

"సరేనండీ" అంది చిలక, మర్యాదగానే.

కాసేపు అంతా సర్దుకుందనిపించింది. అంతలో మళ్లీ అదే గొంతు. "జవాబు మూడోది. ఎందుకంటే, రైలు మధ్యలో ఆగింది కదా, ఆ సమయం తీసెయ్యాలి."

హాల్లో తలలన్నీ ఒక్కసారిగా కాగితాల మీదికి వంగాయి. పెన్సిళ్లన్నీ మూడో జవాబు మీద పడ్డాయి. వెనక బల్ల నుంచి రెండు జడల పిల్ల ఒకతి ముందుకు వంగి, "రెండో దానికి కూడా చెప్పవా" అని అడిగింది. చిలక వెనక్కి తిరిగి, ఎంతో ఓపిగ్గా, కారణంతో సహా చెప్పింది.

మూడోసారి హెచ్చరించాక చిలక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత దాని పెన్సిలు కదలలేదు. గంట కొట్టాక బడి హెడ్మాస్టరు తల్లిని పిలిచాడు. నవ్వాలో కోప్పడాలో ఆయనకే తెలియడం లేదు.

"మీ పాప చెప్పిన వాటిల్లో తప్పు ఒక్కటీ లేదమ్మా. అదే నా ఇబ్బంది. హాలంతా అవే రాసుకుంది. ఇప్పుడు వీళ్లందరికీ నేను వేరే పేపరు ఇవ్వాలి" అన్నాడు. "ఆపమన్నాక పాప ఇంకేమీ రాయలేదు. మిగతాదంతా ఖాళీ."

"వేరే గదిలో ఒక్కదాన్నే కూర్చోబెడితే..." అంది ఆమె.

"నిబంధన ఒప్పుకోదమ్మా. అందరితో కలిసి, చప్పుడు చెయ్యకుండా రాయాలి. వచ్చే నెల ఇంకోసారి పెడతాం. అప్పుడూ ఇంతే అయితే బడిలో చేర్చెయ్యండి, ఏముంది."

దారిలో తల్లి అడిగింది. "అన్నీ వచ్చు కదే నీకు. మనసులో చదువుకుని రాయచ్చు కదా."

"చదివానమ్మా. మనసులో చదివితే నాకేమీ వినపడటం లేదు" అంది చిలక. అది నిజమే చెబుతోంది. మిషను పక్కన పెరిగిన పిల్లకు గొంతు లేని చదువు ఉంటుందని ఎవరు చెప్పారు గనక. అయినా దాని మొహంలో దిగులేమీ లేదు. "అమ్మా, నేను చెప్తుంటే అందరూ రాసుకున్నారు. ఆ రెండు జడల పిల్ల ఎంత మంచిదో. అది నాకు భలే నచ్చింది" అంది. ఆ మాట తల్లి చెవిన పడింది గానీ మనసున పడలేదు.

ఇంటికి రాగానే చిలక హాలంతా నటించి చూపించింది. ఆ పూట డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా బస్సులో స్టాపులు పిలవడానికి పెట్టుకుంటా దీన్ని" అన్నాడు. అత్తగారు నవ్వలేదు.

"నిన్ననే అడిగాను" అన్నారు.

"తెలుసండీ."

"ఒక్క గంట అడిగాను. ఆ గంటలో తెలిసిపోయేది ఇదంతా."

కోడలికి పొద్దుట్నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా పొంగింది. "మీకు మొదట్నుంచీ ఇష్టం లేదు అత్తయ్యా. ఇది పరీక్ష తప్పితే బడిలో పడెయ్యచ్చని చూస్తున్నారు."

"నా మనవరాలు తప్పాలని నేను కోరుకుంటానా?"

డ్రైవరు నవ్వు ఆగిపోయింది. "ఊరుకోండి ఇద్దరూ" అన్నాడు గానీ ఆ మాట ఎవరికీ అక్కర్లేకపోయింది.

"నేను దేవుడికి మాటిచ్చాను" అంది కోడలు. "దీన్ని నా దగ్గరే పెంచుతానని."

"'నా దగ్గరే' అన్లేదు నువ్వు. నీకు దగ్గరగా పెంచుతాను ప్రభువా అన్నావు. పక్క బెంచీలో నేనే ఉన్నాను. అయినా నీ ప్రార్థన వినడానికి పక్కనే ఉండక్కర్లేదు, వీధి చివరికి వినపడుతుంది." అత్తగారి గొంతు పెరగలేదు. హాల్లో కాపీ పట్టుకున్నప్పుడు కూడా ఆవిడ గొంతు పెరిగేది కాదట. "సరే, అడిగావు. ఆయన దానికి ఏమన్నాడు? నువ్వు ఆమేన్ అన్న మరుక్షణం మిషను తొక్కడం మొదలెడతావు. ఆయన చెప్పేది వినేదెప్పుడు? దాన్ని ఇంట్లో ఉంచమని చెప్పింది దేవుడా, నీ భయమా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తగిలింది కాబట్టే కోడలు అనకూడని మాట అనేసింది.

"వినడం మీకే తెలుసు మరి. ఆమేన్ తప్ప ఒక్క మాట రాదు మీ నోట. మీకు ప్రార్థనంటే అటెండెన్సు వేయించుకోవడం."

అత్తగారు కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, లేచి తన గదిలోకి వెళ్లిపోయారు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసి గండం గట్టెక్కించే డ్రైవరు కూడా ఆ పూట తల వంచుకుని కూర్చుండిపోయాడు.

మర్నాటి నుంచి ఇంట్లో రాయబారాలు మొదలయ్యాయి. "నానమ్మా, అమ్మ భోజనానికి రమ్మంటోంది." "అమ్మా, నానమ్మ వస్తానంటోంది." రెండు గదుల మధ్య మాటలు మోస్తూ చిలక హుషారుగా తిరిగేది. దానికి అదంతా ఆటలాగే ఉంది. పొద్దున ప్రార్థనకు అత్తగారు మానకుండా వచ్చి, కళ్లు మూసుకుని, చివర ఆమేన్ అని వెళ్లిపోయేవారు. ఆ ఆమేన్ వినపడగానే కోడలికి సిగ్గేసేది. సిగ్గేస్తే మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది.

పిల్లకు నిశ్శబ్దం నేర్పాలని ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. పెదాలు బిగించి చదవమంది. చిలక ఊపిరి కూడా బిగబట్టి, మొహం ఎర్రగా చేసుకుని, రెండో లైను దగ్గర భళ్లున నవ్వేసేది. మిషను ఆపి కూర్చుందామంటే బడులవాళ్లు తొందరపెడుతున్నారు, యూనిఫాంలు కుప్పపడి ఉన్నాయి. మిషను నడుస్తుంటే పిల్ల గొంతు దానంతటదే లేచేది. ఆ గొంతు లేస్తే ఎదురింటి తాతయ్య జవాబు కూడా లేచేది.

చర్చి తాళాలు అత్తగారి దగ్గరే ఉండేవి. ఆదివారం ఆరాధనకు ముందు బెంచీలు తుడిచి, పూలు పెట్టే పని ఆవిడది. ఈమధ్య మధ్యాహ్నం పూట ఆవిడ చిలకను కూడా వెంటబెట్టుకెళుతున్నారు. "బెంచీలు తుడవడానికి సాయం" అని రాయబారం వచ్చింది. కోడలు సరేనంది. కానీ రోజూ తుడవాల్సినన్ని బెంచీలు ఆ చర్చిలో ఎక్కడున్నాయో ఆమెకు అంతుపట్టలేదు. ఒకరోజు చేతిలో పని త్వరగా తెమిలింది. పిల్లను తీసుకొచ్చి నాలుగు లెక్కలు చేయిద్దామని తనే బయల్దేరింది.

వెనక తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఎవరి మాటా వినపడటం లేదు. చిలక ఉన్నచోట చప్పుడు లేదంటే దానికి జ్వరమైనా వచ్చి ఉండాలి. కోడలు కంగారుగా తొంగి చూసింది. మొదటి బెంచీలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. అత్తగారు కళ్లు మూసుకుని ఉన్నారు. చిలక ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది. పిల్ల వేలు ఒక్కో లైను కిందా మెల్లగా జరుగుతోంది. పెదవులు కదలడం లేదు. రంగుటద్దాల కిటికీలోంచి పడ్డ ఎండ వాళ్ల పాదాల దగ్గర నుంచి పక్క బెంచీ మీదికి జరిగేదాకా ఆ ఇద్దరూ అలాగే ఉన్నారు.

"నానమ్మా, పేజీ అయిపోయింది" అంది చిలక చివరికి, గుసగుసగా. దానికి గుసగుస వచ్చని తల్లికి ఆ రోజే తెలిసింది.

"వినపడిందా?"

"మొదట్లో నా గొంతే లోపల వినపడింది. తరవాత అది కూడా పోయింది. ఉత్త పాఠమే ఉంది." చిలక పుస్తకం మూసింది. "నానమ్మా, ఇలా లోపలే అంటే దేవుడికి కూడా వినపడుతుందా?"

"ఎందుకు వినపడదూ? నా ఉద్యోగమంతా అలాగే గడిచింది. పరీక్ష హాల్లో పిల్లలు రాస్తుంటే నేను వరసల మధ్య తిరిగేదాన్ని. ఒక్కో బల్ల దగ్గర ఆగి, ఆ పిల్ల కోసం, ఆ పిల్లాడి కోసం లోలోపలే ప్రార్థించేదాన్ని. వీడికి భయం పోగొట్టు తండ్రీ, దీనికి గుర్తొచ్చేలా చెయ్యి తండ్రీ అని. అక్కడ నోరు తెరవడానికి లేదు కదా. వాళ్లేమో నేను కాపీల కోసం ఆగానని బిక్కచచ్చిపోయేవాళ్లు."

చిలక పకపకా నవ్వబోయి నోరు మూసుకుంది. "మరి ఇంట్లో అమ్మ ప్రార్థన చేస్తుంటే నువ్వు లోపల ఏం చేస్తావు?"

"మీ అమ్మ అందరి కోసం అడుగుతుంది. తన కోసం అడగడం మర్చిపోతుంది. ఆ ఒక్కటీ నేను అడుగుతుంటాను" అన్నారు అత్తగారు.

కోడలు లోపలికొచ్చి చివరి బెంచీలో చేరింది. అలవాటు కొద్దీ "ప్రభువా" అని పైకి అనబోయింది. అనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి, మాటల్లేకుండా, చేతుల్లో గుడ్డ లేకుండా, కాళ్ల కింద మిషను లేకుండా కూర్చుంది. ఆకాశవాణి ఏదీ వినపడలేదు. మొదట వినపడింది తన భయమే. ఇన్నేళ్లకు దొరికిన పిల్ల, గడప దాటితే ఏమవుతుందోనని, తన చేతి దూరం దాటితే తనది కాకుండా పోతుందేమోనని. ఆ భయానికి దేవుడి పేరు పెట్టి, రోజూ పొద్దున్నే గట్టిగా దండకం చదువుతోంది తను. ఆ తరవాత, అదంతా కాస్త సద్దుమణిగాక, అప్పుడు చెవిన పడి మనసున పడని మాట ఒకటి మెల్లగా పైకొచ్చింది. ఆ రెండు జడల పిల్ల ఎంత మంచిదో. అది నాకు భలే నచ్చింది. అప్పుడు ఆమెకు ఏడుపు ఆగలేదు.

వెక్కిళ్లకు ముందు బెంచీలో ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"హాల్లో చప్పుడు చేస్తున్నదెవరూ?" అన్నారు అత్తగారు, పాత ఉద్యోగపు గొంతుతో. కోడలు ఏడుస్తూనే నవ్వేసింది. లేచి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఆ రోజు మీ ప్రార్థనని అటెండెన్సు అన్నాను."

"నిజమే అన్నావు. అటెండెన్సే" అన్నారు ఆవిడ, చీర చెంగుతో కోడలి మొహం తుడుస్తూ. "రోజూ మొదటి పేరు నీదే."

తరవాతి నెల పరీక్షకు వరండా బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. లోపల నుంచి ఒక్క శబ్దం రాలేదు. గంట కొట్టేదాకా కోడలు ప్రార్థించింది, పెదవి కదపకుండా. మధ్యలో ఒకసారి కన్ను తెరిచి చూస్తే అత్తగారు గోళ్లు కొరుక్కుంటున్నారు. అంతమంది పిల్లల్ని పరీక్షలు రాయించిన మనిషి. కోడలు ఆ చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

ఫలితం వచ్చింది. చిలక గట్టెక్కడమే కాదు, బడి హెడ్మాస్టరు ఫోన్ చేసి మరీ, "ఈ పాపకు ఎవరు చెప్పారమ్మా చదువు" అని అడిగాడు. ఇంటి చదువుకు అడ్డు లేదని కూడా చెప్పాడు. డ్రైవరు ఆ సాయంత్రం తన బస్సెక్కిన ప్రతివాళ్లకీ ఆ సంగతి చెప్పాడని తరవాత తెలిసింది. కొందరు స్టాపు దాటిపోయి తిట్టారట కూడా.

కోడలు గెలిచింది. కావాలంటే అక్కడితో ఆపేయొచ్చు. ఆమె మిషను ఆపి, స్టూలు మీద కూర్చున్న కూతురి వైపు తిరిగింది.

"చిలకా, ఇంట్లో చదువుకోవచ్చన్నారు. బడికీ వెళ్లొచ్చు. నీకేం కావాలి?"

అడిగి ఊరుకుంది. ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పిల్ల స్టూలు మీద కాళ్లు ఊపుతూ ఆలోచిస్తుంటే నోటిదాకా వచ్చిన మాటలు అన్నీ ఇన్నీ కావు. ఆమె దారం కొసను పంటికింద పెట్టుకుని కూర్చుంది. గుమ్మంలో అత్తగారు కూడా నోరు మెదపలేదు.

"బడికి వెళ్తానమ్మా" అంది చిలక. "రెండు జడల పిల్ల పక్కన చోటుందంట. నువ్వు నాకు చెప్పినవన్నీ నేను దానికి చెప్తా. పరీక్షలో కాదులే." తల్లి మొహం చూసి ఇంకో మాట కలిపింది. "పొద్దున వాక్యం మాత్రం ఇక్కడే, నీ దగ్గరే. గట్టిగా చదువుతా. నువ్వు వద్దన్నా సరే."

కోడలు మెడలోని టేపు తీసి, "నిలబడు" అంది. వేలమంది పిల్లల నడుం చుట్టూ తిరిగిన టేపు అది. కూతురి నడుం చుట్టూ తిప్పేసరికి అంకెలు కంటికి ఆనలేదు. "అత్తయ్యా, ఇదెంతో కాస్త చదవండి" అంది. అత్తగారు వంగి చదివారు. ఆవిడ కళ్లజోడు కూడా తడిసే ఉంది, రెండుసార్లు తప్పు చదివారు.

ఆ నీలం గౌనుకు అంచు మామూలు కంటే చాలా ఎక్కువ మడిచింది కోడలు. పిల్ల పొడుగెదిగే కొద్దీ విప్పుకోవచ్చని.

మొదటిరోజు చిలక నాన్న బస్సు ముందు సీట్లో కూర్చుని, స్టాపులన్నీ తనే పిలుస్తూ బడికి వెళ్లింది. దాని గొంతు వీధి మలుపు తిరిగేదాకా వినపడింది. తరవాత వినపడలేదు.

కోడలు వచ్చి మిషను ముందు కూర్చుంది. తొక్కింది. మిషను చప్పుడు గది నిండా ఉన్నా గది ఖాళీగానే ఉంది. కాసేపటికి అత్తగారు వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడ్డారు. వెళ్లారు. మళ్లీ వచ్చారు. ఈసారి స్టూలు లాక్కుని, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా దానిమీద కూలబడ్డారు. చిలక వదిలి వెళ్లిన లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏమిటత్తయ్యా?"

"ఏం లేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకేమీ వినపడటం లేదు" అన్నారు ఆవిడ.

ఆ పైన గొంతు సవరించుకున్నారు. పరీక్ష హాల్లో కూడా ఎన్నడూ పెంచని గొంతును మిషను చప్పుడు మీదుగా ఎత్తి, "ఒక తొట్టిలో ముప్పావు వంతు నీళ్లున్నాయి" అని మొదలుపెట్టారు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. తాతయ్య జవాబు కేకేశాడు.

"తప్పు" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "మళ్లీ చెయ్యండి. ఈసారి ఎందుకో కూడా చెప్పాలి."

కోడలు కళ్లు తుడుచుకుని, నవ్వుతూనే మిషను తొక్కింది.